గోడకి వేలాడదీసిన గూడ

మొన్న ఎండాకాలంలో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు హైదరాబాద్‌లో సినిమావాళ్ళ ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాడు. ఉండేది కృష్ణానగర్‌లో, పని ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ చుట్టుపక్కల. "మావయ్యా, పల్లెటూరి సెట్టు వేస్తున్నాం. మన వైపు పాత తట్టలు, గంపలు, జల్లలు, గూడ లాంటివి ఉంటే పట్రావా? అద్దె ఇప్పిస్తా" అన్నాడు. అద్దె మాట దేవుడెరుగు, వాణ్ణి చూసి చాలా రోజులైందని బయల్దేరా. మా పశువుల పాక అటక మీద పాతికేళ్ళుగా బూజు పట్టి ఉన్న వెదురు గూడని దించి, దులిపి, గోనెపట్టాలో చుట్టి, తట్టలతో పాటు కట్టుకుని తీసుకెళ్ళా.

సెట్టు బ్రహ్మాండంగా వేశారు. కాదనను. తాటాకు పాకలు నాలుగు, ఒక పెంకుటిల్లు, అరుగు, తులసికోట, గడ్డివాము. పెంకుటిల్లు గోడ మీద వేలుపెట్టి కొడితే డొల్లమని మోగింది, అది ప్లైవుడ్డు. తాటాకు మాత్రం నిజం తాటాకే. గడ్డివాము కూడా పైకి నిజం గడ్డే, లోపల చెక్క చట్రం. నా గూడని ఒక పాక గోడకి ఏటవాలుగా వేలాడదీసి, పక్కన ఒక లాంతరు పెట్టి, దూరం నించి చూసుకుని మురిసిపోయారు కుర్రాళ్ళు. ఒకబ్బాయి నా దగ్గరికొచ్చి "అంకుల్, ఇది పిల్లల ఉయ్యాలా?" అని అడిగాడు. నవ్వొచ్చింది. నాలుగు తాళ్ళు కట్టిన బుట్టని చూస్తే ఉయ్యాలనే అనుకుంటారు మరి. వాడి తప్పేం లేదు.

కానీ అక్కడే, గేటు పక్కన, ఇంకొకటి చూశా. ఇనప స్టాండుకి తగిలించిన నాలుగు ఎర్ర బకెట్లు. తెల్లటి పెయింటుతో 'ఫైర్' అని రాసుంది. ఆ బకెట్లకి అడుగు గుండ్రంగా ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? కింద పెడితే నిలబడకూడదని అలా చేస్తారు. నిలబడితే ఎవరో ఒకరు బట్టలుతకడానికో, సిమెంటు కలపడానికో పట్టుకుపోతారు కదా. అంత ఆలోచించి చేసిన బకెట్లలో ఇసుక ఎంతుందని తొంగి చూశా. ఒకదాంట్లో సగం ఇసుక, దాన్నిండా సిగరెట్ పీకలు. రెండోదాంట్లో టీ కప్పులు. మిగతా రెండూ ఖాళీ.

చుట్టూ తాటాకు, ఎండుగడ్డి, ప్లైవుడ్డు, గుడ్డ, పెయింటు డబ్బాలు, కాలే లైట్లు, జనరేటరు. నిప్పు ఆర్పే బకెట్లో సిగరెట్ పీకలు. ఒకప్పుడు నిప్పు మీదకి నీళ్ళు తోడిన గూడేమో గోడకి బొమ్మ. ఆ రాత్రి మావాడి గదిలో పడుకున్నా నాకు నిద్ర పట్టలేదు. ఈ పోస్టు అప్పట్నించీ రాద్దామనుకుంటున్నా.

గూడ అంటే తెలియనివాళ్ళకి చెప్తా. కాలవలో నీళ్ళు కిందా, పొలం గట్టు పైనా ఉంటే, నీళ్ళు పైకెత్తడానికి మన పెద్దలకి రకరకాల సాధనాలుండేవి. లోతు బావికి మోట, కొంచెం తక్కువ లోతుకి ఏతం, మోకాలెత్తో నడుమెత్తో ఎత్తాలంటే గూడ. వెదురు బద్దలతో దగ్గరదగ్గరగా అల్లిన వెడల్పు మూతి బుట్ట అది. మూతి దగ్గర రెండు తాళ్ళు, అడుగున రెండు తాళ్ళు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, చేతికో తాడు చొప్పున పట్టుకుని, బుట్టని ఊపుతూ నీళ్ళలో ముంచి, వెనక్కి వాలి పైకి లాగి, అడుగు తాడు బిగించి బోర్లిస్తారు. నీళ్ళు బోదెలో పడతాయి. ఒకళ్ళ ఊపు ఇంకొకళ్ళకి కుదరకపోతే గూడ తిరగబడుతుంది, నీళ్ళన్నీ మళ్ళీ కాలవలోకే. అందుకే గూడ వెయ్యడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఇద్దరి బలం కూడా చాలదు, ఇద్దరి లయ కావాలి.

సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి వెంటనే తోడికోడళ్ళు గుర్తొచ్చుంటుంది. 1957లో వచ్చిన సినిమా. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి గూడ వేస్తూ పాడే పాట ఇవాళ్టికీ పల్లెటూళ్ళో మైకుల్లో వినపడుతుంది. గూడ ఎలా వేస్తారో కుర్రాళ్ళకి చూపించాలంటే నాకు ఆ పాట కంటే మంచి పాఠం కనపడదు.

ఇక గూడ అల్లేవాళ్ళు మేదరులు. మా చిన్నప్పుడు ఊరి చివర చింతచెట్టు కింద మేదరి తాత ఒకాయన కూర్చుని వెదురు చీలుస్తుంటే గంటలు గంటలు చూసేవాళ్ళం. బొంగుని కత్తితో నాలుగు, ఎనిమిది బద్దలుగా చీల్చి, లోపలి మెత్తటి పొర తీసేసి, పైపొరని నీళ్ళలో నానబెట్టి అల్లేవాడు. ధాన్యం తట్ట వేరు, పెంట తట్ట వేరు, చేపల బుట్ట వేరు, కోళ్ళ గంప వేరు. దేని అల్లిక దానిదే. మా నాన్న గూడ కొనేటప్పుడు దాన్ని ఎండ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు. సందుల్లోంచి ఎక్కువ వెలుగు కనపడితే "తాతా, ఇది గూడా, జల్లెడా?" అని ఎగతాళి చేసేవాడు. "నానితే బిగుసుకుంటది దొరా, రేపు చూసుకో" అనేవాడు ఆయన. నిజంగానే నీళ్ళు తాగిన వెదురు ఉబ్బి సందులు మూసుకునేది. పైన తారు కూడా పూసేవాళ్ళు. బుట్ట నీళ్ళు మొయ్యడమేంటని మీకు అనుమానం రావచ్చు. కృష్ణలో, తుంగభద్రలో జాలర్లు వేసుకుని తిరిగే పుట్టి ఏంటనుకున్నారు? అదీ వెదురు బుట్టే. నీళ్ళని లోపలికి రానివ్వని అల్లిక, నీళ్ళని బయటికి పోనివ్వకుండా కూడా ఉంచగలదు.

ఇప్పుడు అసలు విషయం.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. మే నెల మిట్టమధ్యాహ్నం. పడమటి గాలి. ఎవరింట్లోనో పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ తాటాకు మీద పడింది. "ఇల్లంటుకుందో" అని ఒక్క కేక. ఆ కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. తాటాకు ఇల్లు కాలడం మీరు చూసుండకపోతే చెప్పలేను. చూరు దగ్గర మొదలైన మంట కొప్పు చేరడానికి మీరు పది అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టదు. కాలిన ఆకు ముక్కలు గాల్లో లేచి పక్కింటి మీద వాల్తాయి. అలా ఇల్లిల్లూ అంటుకుంటూ వీధి వీధీ పోతుంది.

ఆ రోజు మా వాడ ఎలా మిగిలిందో చెప్తా వినండి. ఎవరూ అంటుకున్న ఇంటి జోలికి పోలేదు. అది పోయినట్టేనని అందరికీ తెలుసు. గాలి ఎటు వీస్తుందో చూసి, ఆ దిక్కున ఉన్న ఇళ్ళమీద పడ్డారు. కుర్రాళ్ళు నిచ్చెనలేసుకుని కప్పులెక్కి తడిపిన గోనెపట్టాలు పరిచారు. ఇద్దరు ముగ్గురు దోటీలతో మధ్యలో ఉన్న ఒక పాక కప్పు మొత్తం లాగి కింద పడేశారు, మంటకి దారి తెగిపోవాలని. ఆ పాక మా పెదనాన్న వాళ్ళది. ఆయనే ముందు నిలబడి "లాగండ్రా" అన్నాడు.

మరి నీళ్ళు? కాలవ వాడకి ఆనుకునే ఉంది, కానీ వేసవి కదా, నీళ్ళు అడుక్కి పోయి ఉన్నాయి. గట్టు దిగి, బిందె ముంచుకుని, బురదలో జారుతూ మళ్ళీ ఎక్కాలంటే ఎంతసేపు? అప్పుడు మా నాన్న, ఆయన జతగాడు గూడ తెచ్చి కాలవ గట్టు మీద నిలబడ్డారు. గట్టు పైన పశువులు తాగే కుడితి గోలేలుండేవి. నిమిషంలో ఒక గోలెం నింపారు. రెండో జత ఇంకో గూడతో రెండో గోలెం. ఇక ఆడవాళ్ళు గట్టు దిగక్కర్లేదు. గోలెంలో ముంచడం, చేతికందివ్వడం, చేతికందివ్వడం. గోలెం నించి నిచ్చెన దాకా వరస. బిందెలు, చేదలు, తాటాకు దొప్పలు, చివరికి వంటింటి గిన్నెలు. ఖాళీవి పిల్లలం వెనక్కి పరిగెత్తించేవాళ్ళం. నీళ్ళు అందనిచోట తట్టల్తో దుమ్ము, బూడిద, తడిమట్టి. ఎంతసేపు జరిగిందో తెలీదు. నాన్న అరచేతులు తాడు ఒరిపిడికి తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి సాయంత్రం చూస్తే.

మూడిళ్ళు కాలాయి. మిగతా వాడంతా మిగిలింది. టౌనుకి సైకిల్ మీద మనిషిని పంపితే, ఫైరింజను వచ్చేసరికి చీకటి పడింది. వాళ్ళనేం అనలేం, రోడ్డు అలాంటిది, ఫోన్లు లేని రోజులు. వచ్చి మిగిలిన నిప్పుల మీద నీళ్ళు కొట్టి వెళ్ళారు.

ఈ కథ 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చడానికి చెప్పట్లేదు. ఆ రోజులు మంచివేం కావు. తాటాకు ఇంట్లో ఉండడం సరదా కాదు, పేదరికం. ప్రతి వేసవీ ఎక్కడో ఒక ఊరు తగలబడేది. డాబాలొచ్చాయి, గ్యాసు పొయ్యిలొచ్చాయి, ఆ భయం చాలావరకు తగ్గింది. సంతోషం. పొలంలో గూడ పోయి ఇంజనొచ్చింది, అదీ మంచికే. 2018లో వచ్చిన రంగస్థలం సినిమాలో చిట్టిబాబు చేసే పని గుర్తుందా? ఇంజను పెట్టి పొలాలకి నీళ్ళు తోడడం. గూడ తాళ్ళు లాగి లాగి నడుం పడిపోయిన రైతు ఆ ఇంజను చప్పుడు విని ఎంత సంతోషించాడో నాకు తెలుసు. మా నాన్నే పండగ చేసుకున్నాడు.

నేను చెప్పేది ఒక్కటే. మంట మొదలైన మొదటి పది నిమిషాలు ఫైరింజనువి కావు. అక్కడున్న మనుషులవి. ఆ పది నిమిషాల్లో చేతికందే నీళ్ళు, చేతికందే ఇసుక, వాటిని మోసే పాత్ర, ఎవరు ఎక్కడ నిలబడాలో తెలిసిన మనుషులు ఉండాలి. గూడ పోయినప్పుడు మనం ఒక బుట్టనే పోగొట్టుకున్నామనుకున్నాం. దాంతో పాటు ఆ పది నిమిషాలు కూడా పోగొట్టుకున్నాం.

నమ్మరా? మీ ఇంట్లోనే ఆలోచించండి. నిప్పంటుకోగానే మొదట చెయ్యాల్సిన పనేంటి? మెయిన్ ఆపడం. అవునా? మెయిన్ ఆపితే మోటారు ఆగిపోతుంది. బోరు నీళ్ళు రావు, సంపులో నీళ్ళు రావు. జూబ్లీహిల్స్‌లో ఒక్కో ఇంటి కింద వేల లీటర్ల సంపు ఉంటుంది. పైన ట్యాంకుంటే దాని పైపు సన్నగా కారుతుంది. కాళ్ళ కింద నీళ్ళున్నా, పైన కాలుతుంటే చూస్తూ నిలబడాల్సిందే. ఆ సంపు మూత తీసి చేద వేసి నీళ్ళు తోడదామంటే తాడేది? చేదేది? ఇంట్లో తాడు కట్టిన బకెట్ ఒక్కటన్నా ఉందేమో ఇప్పుడే లేచి చూడండి. మా ఊళ్ళోనూ ఇదే కథ. కాలవ పక్కనే ఇల్లు కట్టుకుని, కరెంటు పోతే మొహం కడుక్కోడానికి నీళ్ళు లేవంటాం.

ఫిల్మ్‌నగర్ చూస్తే ఇంకో సంగతి. పెద్ద రోడ్డు మీద బంగళాలు, స్టూడియోలు. నాలుగడుగులు లోపలికి దిగితే కొండరాళ్ళ మధ్య బస్తీలు. ఈ సినిమాలకి చెక్కపని, పెయింటు పని, లైట్ల పని చేసేవాళ్ళు చాలామంది అలాంటి బస్తీల్లోనే ఉంటారు. కొన్ని సందుల్లో ఆటో తిరగదు, మెట్లే దారి. ఫైరింజను ఎక్కడికొస్తుంది? రోడ్డు మీద ఆగి పైపు లాగాలి. ఆ లోపు లోపలున్నవాళ్ళే ఏదో ఒకటి చేసుకోవాలి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక్క భవనంలో 17 మంది పోయారు. ఇరుకు దారి, పొగ. అక్కడ బుట్టలుంటే బతికేవాళ్ళని నేను అనను, అంత తెలివితక్కువవాణ్ణి కాను. పొగలో చిక్కుకున్నవాళ్ళని కాపాడడానికి ఫైరింజనువాళ్ళకే కష్టం. దారి ఇరుకైతే బయటి సాయం ఎంత ఆలస్యమవుతుందో గుర్తుపెట్టుకోమంటున్నా.

సెట్ల సంగతికొస్తే, ఇవి కాలడం కొత్తేం కాదు. 2017 నవంబరులో అన్నపూర్ణ స్టూడియోలో 'మనం' సినిమా కోసం వేసిన సెట్టు కాలిపోయింది. మనం నాగేశ్వరరావుగారి ఆఖరి సినిమా. గూడ పాటతో మన గుండెల్లో నిలిచిపోయిన మనిషి కట్టుకున్న స్టూడియోలో, ఆయన చివరి సినిమా సెట్టు అగ్గిపాలైందని వార్త చూసిన రోజు మనసు అదోలా అయింది. 2019 మేలో కోకాపేటలో 'సైరా' కోసం వేసిన సెట్టు కాలింది. ఎవరి తప్పని నేను చెప్పట్లేదు, నాకు తెలీదు కూడా. సెట్టు అనేదే ఎండుకట్టె లాంటిది. నాలుగు రోజులు నిలబడితే చాలని కడతారు. చెక్క, గుడ్డ, థర్మాకోల్, ఫైబరు. మా తాటాకు పాకలకి, వాటికి నిప్పు ముందు పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, తాటాకు పాకలో ఉండేవాడికి తాను తాటాకు పాకలో ఉన్నానని తెలుసు. వేసవి రాగానే వాకిట్లో గోలెం నింపి పెట్టుకునేవాడు, రాత్రి పొయ్యిలో నీళ్ళు చల్లి పడుకునేవాడు.

ఇదేదో మన పల్లెటూరి గొప్పని నేను డప్పు కొట్టుకుంటున్నానని అనుకోకండి. రోమ్ నగరంలో రెండు వేల ఏళ్ళ కిందట ఇదే పని జరిగింది. క్రీస్తుశకం 6లో అగస్టస్ చక్రవర్తి రాత్రి గస్తీకి, మంటలార్పడానికి ఒక దళం పెట్టాడు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి ఒకరకం గట్టి గడ్డితో అల్లి, నీళ్ళు కారకుండా కీలు పూసిన బుట్టబకెట్లు. జనం ఆ సిపాయిల్ని 'బుట్టబకెట్లోళ్ళు' అన్నట్టు ఎగతాళి పేరుతో పిలిచేవాళ్ళట. ఎగతాళి చేస్తేనేం, అర్ధరాత్రి నిప్పంటుకుంటే ఆ బుట్టలోళ్ళే దిక్కు. అంత పెద్ద సామ్రాజ్యం కుండ వదిలేసి బుట్ట ఎందుకు పట్టుకుంది? మన పెద్దలు పట్టుకున్న కారణమే అయ్యుంటుంది. కంగారులో కిందపడితే కుండ పగులుతుంది, బుట్ట పగలదు. రాగి బిందె బరువు, బుట్ట తేలిక. విసిరినా, తొక్కినా మళ్ళీ పనికొస్తుంది. దారిలో నాలుగు చుక్కలు కారినా నిప్పు దగ్గరికి పోయేసరికి పనికి సరిపడా మిగుల్తాయి.

మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు.

"ఇంత చెప్పావు, వెదురు కూడా కాలుతుంది కదా?" కాలుతుంది. ఎండు బుట్టలన్నీ ఒకచోట పోగేస్తే అదే పెద్ద కొరివి. అందుకే వాటిని నీళ్ళ తొట్టి పక్కన పెట్టాలి, పొయ్యి పక్కన కాదు. తడిసిన బుట్ట అంత తేలిగ్గా అంటుకోదు.

"సిలిండర్లున్నాయిగా, ఎర్రవి?" ఉన్నాయి, ఉండాలి కూడా. కరెంటు మంటకి, నూనె మంటకి అవే కావాలి. మరుగుతున్న నూనె మీద నీళ్ళు పోస్తే మంట మీ మొహం మీదికే లేస్తుంది. వైర్ల మీద పోస్తే షాకు కొడుతుంది. ఈ రెండూ ఇంట్లో పిల్లలకి కూడా నేర్పండి. కానీ చిన్న సిలిండరు నొక్కితే అరనిమిషం కూడా రాదు. ఆ అరనిమిషం తర్వాత? పైగా మీ అపార్ట్‌మెంట్‌లో సిలిండరు ముల్లు పచ్చగీత మీద ఉందో లేదో ఆఖరిసారి ఎప్పుడు చూశారు? తడిగుడ్డ, పొడి ఇసుక, బకెట్ నీళ్ళు దాని వెనకాల నిలబడాలి. ఇసుక మట్టుకు బుట్టలో ఊరికే పోస్తే సందుల్లోంచి కారిపోతుంది. పేడతో అలికి ఆరబెట్టిన తట్టలో పోస్తే గింజ కూడా కారదు. మా ఇళ్ళలో గాదెలకి చేసేది అదే పని.

"బుట్టెందుకు, ప్లాస్టిక్ బకెట్ చాలదా?" చాలు. నిజంగా చాలు. మీ దగ్గర ప్లాస్టిక్ బకెట్‌కి తాడు కట్టి సంపు పక్కన పెడితే నేను ఇంకేం అడగను. సెగ దగ్గరికి తీసుకెళ్తే మెత్తబడుతుందని మాత్రం గుర్తుంచుకోండి. కానీ బుట్ట గురించి నాకు ఇంకో స్వార్థం ఉంది. దాచుకోను.

నేను హైదరాబాద్ తీసుకెళ్ళిన తట్టలు అల్లినాయన ఇప్పుడు మా పక్క ఊళ్ళో ఉన్నాడు, మా మేదరి తాత మనవడే. ఏడాదిలో పెళ్ళిళ్ళ సీజన్‌కి అలంకారం బుట్టలు, దసరాకి ఇంకొన్ని. మిగతా రోజులు కూలికి పోతాడు. "గూడ అల్లగలవా?" అని అడిగితే "చూశాను గానీ ఎప్పుడూ అల్లలేదు సార్, మా తాత పోయాక ఎవరూ అడగలేదు" అన్నాడు. అడిగేవాడు లేకపోతే చేతిలో విద్య ఒక తరంలో చచ్చిపోతుంది. సినిమావాళ్ళు ఆయన్ని అడుగుతున్నారు, మంచిదే. కానీ కెమెరా ముందు వేలాడేదానికి కారినా ఫర్వాలేదు. కారినా ఫర్వాలేదనే గూడ అల్లీ అల్లీ, కారని గూడ అల్లడం మర్చిపోతారు. వస్తువుని పని నించి విడదీసి గోడకెక్కిస్తే జరిగేది అదే.

వెదురు దొరకదు అంటారేమో. ఒకప్పుడు నిజమే. ఫారెస్టు వాళ్ళతో తంటా. 2017లో అటవీ చట్టం సవరించాక అడవి బయట పెంచిన వెదురు చెట్టు లెక్కలోకి రాదు. మన పొలం గట్టు మీద పెంచుకుని మనమే కొట్టుకోవచ్చు. నేను బోరు పక్కన ఎనిమిది కుదుళ్ళు వేశా. రెండు కుదుళ్ళు ఆయనకేనని చెప్పేశా.

అందుకని నేను అడిగేవి ఇవీ.

రైతు సోదరులారా, మీ వాముల దగ్గర, కల్లం దగ్గర ఒక నీళ్ళ తొట్టి, దానికి ఒక గూడో, తాడు కట్టిన బకెట్లో, నాలుగు గోనెపట్టాలు వేసవి నాలుగు నెలలూ ఉంచండి. వరికొయ్యలకి నిప్పు పెట్టడం మానండి. మానలేకపోతున్నామంటారా, కనీసం గట్టు చుట్టూ దున్ని అడ్డం పెట్టకుండా, గాలి చూడకుండా అగ్గిపుల్ల గియ్యకండి. మన కొయ్యల నిప్పు పక్కవాడి వాముకి పోతే అది ప్రమాదం కాదు, పాపం.

పట్నం వాళ్ళు, మీ బస్తీలో, మీ అపార్ట్‌మెంట్‌లో ఏడాదికి ఒక్క ఆదివారం పొద్దున అరగంట కేటాయించండి. సంపు మూత ఎవరు తీస్తారు, మెయిన్ ఎవరు ఆపుతారు, ముసలివాళ్ళని ఎవరు దించుతారు, 101కో 112కో ఎవరు ఫోన్ చేస్తారు, సందు మొదట్లో నిలబడి ఫైరింజనుకి దారి ఎవరు చూపిస్తారు. ఐదుగురికి ఐదు పనులు. మా వాడలో ఆ రోజు ఎవరికీ ఎవరూ చెప్పలేదు. అంతకుముందే తెలుసు కాబట్టి చెప్పక్కర్లేకపోయింది.

సినిమా అన్నయ్యలారా, మీరు మా ఊళ్ళు ఎంత అందంగా చూపిస్తారో! మా తాటాకు, మా గడ్డి, మా లాంతరు అన్నీ తెచ్చారు. మా భయాన్ని కూడా తెచ్చుకోండి. ఎర్ర బకెట్లో ఇసుక పోయించడానికి ఖర్చు ఎంతవుతుంది? ఒక రోజు షూటింగ్‌లో మిగిలిన టిఫిన్ల ఖర్చు కూడా కాదు. పల్లెటూరి సెట్టు వేసినప్పుడు రెండు తొట్లు నిజం నీళ్ళతో నింపండి, అవి కెమెరాకీ అందంగానే ఉంటాయి.

'ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు' అని మన సామెత. ఇప్పుడు బావులు తవ్వే ఉన్నాయి, నీళ్ళూ ఉన్నాయి, తోడుకోడానికి చేద లేదు. ఈ సామెతని మనం ఇంకో మెట్టు కిందికి దించాం.

రెండో రోజు బయల్దేరే ముందు మావాణ్ణి పిలిచి ఆ బకెట్లు చూపించా. వాడు కాస్త సిగ్గుపడ్డాడు. "మావయ్యా, ఇది మా డిపార్ట్‌మెంట్ కాదు" అన్నాడు. "నిప్పుకి డిపార్ట్‌మెంట్లుండవురా" అన్నా. ఇద్దరం కలిసి పీకలు, కప్పులు పారబోసి, బయట కడుతున్న బిల్డింగు దగ్గర అడిగి రెండు తట్టల ఇసుక తెచ్చి నాలుగు బకెట్లూ నింపాం. గూడ వేలాడదీసిన కుర్రాడు కూడా వచ్చి ఒక తట్ట మోశాడు. వాచ్‌మన్ చూసి నవ్వాడు. నవ్వనీ.

వాడు మళ్ళీ ఫోన్ చేశాడు మొన్న. షూటింగ్ అయిపోయిందట, సెట్టు విప్పేస్తున్నారట. "మావయ్యా, గూడ కొరియర్‌లో పంపించనా? అద్దె కాకుండా కొనేస్తామంటున్నారు, ఇంకో సినిమాకి పనికొస్తుందని" అన్నాడు. అమ్మనని చెప్పా. తాళ్ళు చీకిపోయాయి, కొత్తవి కట్టాలి. మేదరాయనకి నమూనా కావాలి. ఈ వేసవికి అది మా కాలవ గట్టు మీద, వాము పక్కన, తొట్టికి ఆనించి ఉంటుంది. ఎవరికైనా గూడ వెయ్యడం నేర్చుకోవాలనుంటే రండి. ఒక్కరే రాకండి, ఇద్దరు కావాలి దానికి.